పక్షవాతానికి చైనా సంప్రదాయ నర్సింగ్ విధానం: ఏది పనికొస్తుంది, ఎక్కడ చర్మం కాలుతుంది

చైనాలో సంప్రదాయ వైద్య ఆసుపత్రుల పక్షవాతం వార్డుల్లో నర్సులకు దారి చూపడానికి ఒక పత్రం ఉంది. అక్కడి జాతీయ సంప్రదాయ వైద్య పరిపాలన సంస్థ 2013లో 13 జబ్బులకు నర్సింగ్ విధానాలు మొదటి విడతగా విడుదల చేసింది. 2014 నాటికి మూడు విడతలూ కలిపి 52 అయ్యాయి. మొదటి విడతలో మొట్టమొదట చెప్పేది పక్షవాతం గురించే. మెదడు రక్తనాళం మూసుకుపోయి వచ్చే రకానికి, అందులోనూ తొలి రోజుల దశకు రాసింది. పేరు పక్కనే ‘ప్రయోగాత్మకం’ అని ఉంటుంది, ఆ మాట మర్చిపోవద్దు. రోజూ చేసే నర్సు పనికి సాధనంగా దీనికి మేం వేసే మార్కు 5కి 4. ఆధారాలతో తయారైన మార్గదర్శకంగా చూస్తే 5కి 2. ఒకే పత్రానికి రెండు మార్కులు ఎందుకంటే, మంచానపడ్డ మనిషికి ప్రాణం నిలబెట్టే పనులూ, చేస్తే చేయొచ్చు లేకపోతే లేదు అనదగ్గ పనులూ ఇందులో ఒకే వరుసలో, ఒకే గొంతుతో రాసి ఉన్నాయి.

చైనా భాషలో ఈ జబ్బు పేరు ఝోంగ్‌ఫెంగ్, అంటే గాలి దెబ్బ. మన పక్షవాతంలోనూ వాతమే ఉంది కదా, పోలిక అర్థం కావడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఈ విధానం రోగిని ముందు రెండు గుంపులుగా విడదీస్తుంది. స్పృహ తప్పినవాళ్లు ఒక గుంపు, స్పృహ ఉండి కాలూచెయ్యీ పడిపోయినవాళ్లు రెండోది. ఆ తర్వాత నాలుక, నాడి, ముఖం రంగు, విరేచనం తీరు చూసి కఫం అడ్డుపడ్డదా, వేడి పైకెక్కిందా, శక్తి తగ్గి రక్తం నిలిచిపోయిందా అని ఉపరకాలు పెడుతుంది. ఆ పైన లక్షణాల వారీగా పనుల చిట్టా ఉంటుంది: స్పృహ లేకపోవడం, ఒకపక్క పడిపోవడం, తల తిరగడం, కఫం ఎక్కువై ఆయాసం, తీవ్ర జ్వరం, మలమూత్రాలు అదుపు తప్పడం, మలబద్ధకం, మాట తడబడటం, మింగలేకపోవడం. చివర్లో ప్రత్యేక పద్ధతులు, ఇంటికి వెళ్లాక జాగ్రత్తలు, ఫలితం రాసుకునే ఫారం.

లక్షణాల వారీగా విడదీయడం ఈ పత్రంలో మాకు బాగా నచ్చిన సంగతి. రాత్రి డ్యూటీ నర్సుకు సిద్ధాంతం అక్కర్లేదు. రోగికి మూడు రోజులుగా విరేచనం కాలేదు, ఇప్పుడేం చేయాలి అన్నది కావాలి. ఆ పేజీ వెంటనే దొరుకుతుంది. ఉపరకాల సంగతి మాత్రం వేరు. తొలి వారంలో రోగి పరిస్థితి పూటపూటకీ మారుతుంది. పొద్దున కఫం అన్నది సాయంత్రానికి వేడి అవుతుంది. ఇద్దరు వైద్యులు ఒకే రోగిని చూసి ఒకే ఉపరకం రాస్తారన్న భరోసా లేనప్పుడు, దాని మీద ఆధారపడి నర్సు చేసే పనికి కూడా భరోసా ఉండదు. వార్డులో వాడేటప్పుడు ఉపరకాన్ని రోజూ తేదీ, సమయంతో కొత్తగా రాయాలి. నిన్నటి రకం చూసి ఇవాళ మోక్సా (అంటించిన ఆకు చుట్ట) కాపడం పెట్టడం మనం చూడబోయే పొరపాట్లలో చిన్నదేమీ కాదు.

ముందు మింగడం గురించి, ఎందుకంటే ఈ వార్డులో ప్రాణం పోయేది చాలాసార్లు అక్కడే. చైనా వార్డుల్లో ఎక్కువగా వాడేది కుబోటా పరీక్ష. రోగిని నిటారుగా కూర్చోబెట్టి 30 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు ఇచ్చి, మామూలుగా తాగమంటారు. 5 సెకన్లలోపు ఒకే గుటకలో పొలమారకుండా తాగితే మొదటి గ్రేడు. ఆగి ఆగి, రెండు మూడు గుటకల్లో తాగినా దగ్గు రాకపోతే రెండు. ఒకే గుటక గాని పొలమారింది, అది మూడు. రెండు మూడు గుటకలు, పైగా దగ్గు, అది నాలుగు. దగ్గుతూనే ఉండి నీళ్లు పూర్తిచేయలేకపోతే అయిదు. చెప్పడానికి ఇంత సులువు. తప్పు జరిగేది మొదటి గుక్క దగ్గర. మగతగా ఉన్నవాడికి, తల నిలపలేనివాడికి ఒకేసారి 30 మిల్లీలీటర్లు అందిస్తే పరీక్షే ప్రమాదమవుతుంది. ముందు పేరు పిలిస్తే పలుకుతున్నాడా, తన ఉమ్మి తాను మింగుకుంటున్నాడా, అడిగితే దగ్గగలడా చూడాలి. తర్వాత టీస్పూనుతో కొద్దికొద్దిగా రెండు మూడు సార్లు ఇచ్చి, గొంతు మీద వేలు పెట్టి స్వరపేటిక పైకి లేస్తోందా గమనించి, ‘ఆ’ అనిపించి గొంతులో గరగర వినాలి. అవన్నీ సరిగ్గా ఉంటేనే గ్లాసు.

ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రానివాళ్లు కొందరుంటారు. వాళ్లు రెండో గ్రేడులో పాసైపోతారు, రెండు రోజుల తర్వాత జ్వరం వస్తుంది. అందుకని రెండో గ్రేడు వచ్చినా తడి గొంతు, తిన్న తర్వాత ఊపిరి వేగం, ఉష్ణోగ్రత చూస్తూనే ఉండాలి. ఈ విధానం తేలికపాటి ఇబ్బందికి తినిపించే శిక్షణ, కూర్చునే భంగిమ చెబుతుంది. ఎక్కువ ఇబ్బందికి చల్లటి దూది పుల్లతో నోటి లోపల తాకడం, పెదాలు నాలుక కదిలించే వ్యాయామాలు చెబుతుంది, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటే ముక్కు గొట్టం అంటుంది. అదంతా సబబే. కాకపోతే ఆహారం దగ్గర పెసలు, సెలెరీ, బూడిద గుమ్మడి, దోసకాయ, బీర, తామర గింజలు అంటూ ఏ రకానికి ఏవి చలవ, ఏవి బలం అని వివరంగా చెప్పినంత, జావ ఎంత చిక్కగా ఉండాలో చెప్పదు. పొలమారే మనిషికి పెసరకట్టు చలవ చేస్తుందా అన్నది తర్వాతి మాట, అది చెంచా మీంచి ఎంత నెమ్మదిగా జారుతుందన్నది ముందు మాట. చిక్కదనానికి 0 నుంచి 7 దాకా అంతర్జాతీయ కొలమానం ఉంది. కొత్త కూర్పు వేసేటప్పుడు ఆహార పట్టికలో అదొక నిలువు గడి చేర్చాలి.

ఇక కాపడాలు. ఈ విధానంలో రోగికీ ఇంటివాళ్లకీ అన్నిటికంటే ముచ్చటగా కనిపించేవి ఇవే, నర్సు చెయ్యి తడబడితే గాయం చేసేవీ ఇవే. మోక్సా అంటే ఎండబెట్టి దంచిన మాచిపత్రి జాతి ఆకు దూది. మన వినాయక చవితి పత్రిలో ఉండే మాచిపత్రికి దగ్గరి చుట్టం. దాన్ని చుట్టలా చుట్టి అంటించి, చర్మానికి 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని 10 నుంచి 15 నిమిషాలు వెచ్చదనం ఇస్తారు. ఎంత వేడి చాలు అనేది రోగి చెప్పాలి. పక్షవాతం వార్డులో అసలు చిక్కంతా అక్కడే ఉంది: పడిపోయిన పక్క చర్మానికి చాలామందిలో స్పర్శ సరిగ్గా తెలియదు, మాట పడిపోయినవాడు కాలుతున్నా చెప్పలేడు.

దీనికి పాత పద్ధతి ఒకటుంది, మంచి పద్ధతి. నర్సు తన ఎడమచేతి చూపుడు వేలు, మధ్య వేలు ఆ బిందువుకు చెరొక పక్క చర్మం మీద ఆన్చి ఉంచాలి. రోగికి తెలియని వేడి తన వేళ్లకు తెలుస్తుంది. వేళ్లు చురుక్కుమంటే చుట్ట పైకి ఎత్తాలి. ఇది చేయాలంటే రెండు చేతులూ, కళ్లూ ఆ రోగి దగ్గరే ఉండాలి. మోక్సాను స్టాండుకు బిగించి పక్క మంచానికి వెళ్లిపోవడం కుదరదు. నిమిషానికోసారి బూడిద పళ్లెంలోకి దులపాలి, రాలిన నిప్పురవ్వ దుప్పట్లోకి పోతే మంట కనబడకుండా నెమ్మదిగా కాలుతుంది. పని అయ్యాక చుట్టను మూతి సన్నగా ఉన్న సీసాలో దూర్చి ఆర్పాలి, నీళ్లలో ముంచితే మళ్లీ పనికిరాదు, బయట పడేస్తే ఆరిందనుకున్నది మళ్లీ రాజుకుంటుంది. ఆక్సిజన్ పెట్టుకున్న రోగి దగ్గర మోక్సా వద్దే వద్దు. జ్వరం, ఎర్రటి ముఖం, పసుపు పూత నాలుక, గట్టి విరేచనం ఉన్నవాడికి ఆ సంప్రదాయం ప్రకారమే ఇది పనికిరాదు. చిన్న బొబ్బ లేస్తే చిదపకుండా వదిలేయాలి. పెద్దదైతే స్టెరైల్ సిరంజితో నీరు తీసి కట్టు కట్టి, సంఘటన రిపోర్టు రాయాలి. కాలినచోటు చుట్టూ గీత గీసి ఉంచితే మర్నాటి నర్సుకు అది పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది.

వేడి మూట కాపడానికి అంకెలు మారతాయి. మూలికలు వేయించి గుడ్డలో కట్టిన మూట మామూలు మనిషికి 50 నుంచి 60 డిగ్రీలు, ఎట్టి పరిస్థితిలోనూ 70 దాటకూడదు. ముసలివాళ్లకి, స్పర్శ తగ్గినవాళ్లకి 50 లోపే. ఆ లెక్కన ఈ వార్డులో పడిపోయిన పక్కకి 50 దాటడమన్న మాటే రాకూడదు. చేత్తో తాకి చూసి సరే అనుకునే అలవాటు పనికిరాదు, రోజూ వేడి గిన్నెలు పట్టే చెయ్యి 55 డిగ్రీలని గోరువెచ్చన అంటుంది. మూట మధ్యలోకి థర్మామీటర్ దూర్చి చూడాలి, ఎందుకంటే పైగుడ్డ చల్లారినా లోపలి గింజలు వేడిగానే ఉంటాయి. ఒకేచోట ఆపి ఉంచకుండా కదుపుతూ ఉండాలి. కాళ్లు కషాయంలో నానబెట్టేటప్పుడు నీళ్లు 40 డిగ్రీల దగ్గర, అరగంట. షుగర్ ఉన్నవాళ్లకు, పాదాలు పగిలినవాళ్లకు అంతకంటే తక్కువ. వేడినీళ్లు కలపాల్సివస్తే కాళ్లు బయటికి తీయించి కలపాలి. బకెట్లో కాళ్లుండగానే అంచు పక్కనుంచి పోయడం వల్ల కాలిన కాళ్లు కోకొల్లలు.

చెవి గింజలు వీటన్నిటికంటే చవక, ప్రమాదం తక్కువ. ఆవగింజంత నల్లటి గింజ ఒక్కోటి ప్లాస్టరు ముక్క మీద పెట్టి చెవి మీద ఎంచుకున్న బిందువులకు అతికిస్తారు. రోజుకు 3 నుంచి 5 సార్లు, ఒక్కో బిందువు 1 నుంచి 2 నిమిషాలు వేళ్లతో నొక్కి వదలాలి, రుద్దకూడదు. రుద్దితే పలచటి చెవి చర్మం లేచిపోతుంది, లోపలి మృదులాస్థికి చీము పట్టిందంటే చాలా కాలం వేధిస్తుంది. ఎండాకాలంలో 1 నుంచి 3 రోజులకోసారి, చలికాలంలో 3 నుంచి 7 రోజులకోసారి మార్చి, రెండో చెవికి వెళ్లాలి. నొక్కేది రోగి మంచి చెయ్యే, పడిపోయిన పక్క చెవిని అందుకోవడం అతనికి కష్టం. ఇంటివాళ్లకు నేర్పాలి. గింజ ఊడి చెవి రంధ్రంలో పడిపోయి ఎవరూ చూసుకోని సందర్భాలుంటాయి, కాబట్టి ఎన్ని అతికించారో చార్టులో రాసి, తీసేటప్పుడు లెక్క చూసుకోవాలి. తియాన్‌జిన్‌లో షి షుయెమిన్ అనే వైద్యుడు 1972లో రూపొందించిన ‘మెదడు మేల్కొలిపే’ సూది పద్ధతి వార్డుల్లో బాగా వాడుకలో ఉంది, ముంజేయి లోపలివైపు, ముక్కు కింద, చీలమండకు పైన ఉండే బిందువులు అందులో ముఖ్యం. అక్కడ సూది పొడిచేది వైద్యుడు. నర్సు పని ఎన్ని పెట్టారు, ఎన్ని తీశారు లెక్క, తల తిరుగుతోందా అన్న గమనిక. రక్తం గడ్డ కరిగించే మందు పడిన తొలి 24 గంటల్లో పొడవడం, కప్పులు పెట్టి లాగడం, గీకుడు లాంటివి వాయిదా వేయాలన్నది మా అభిప్రాయం. ఆ సమయంలో రక్తపోటు 180/105 దాటనివ్వకపోవడం మీద ఉండాలి నర్సు దృష్టి.

కషాయాల గురించి ఈ విధానం వేళ, వెచ్చదనం, ఎలా తాగించాలో చెబుతుంది. తాగాక నర్సు ఏం చూడాలన్నది ఇంకా బలంగా రాయాల్సిన చోటు. శక్తి తగ్గి రక్తం నిలిచిందనే రకానికి ఇచ్చే పేరున్న యోగం చైనా వైద్యుడు వాంగ్ ఛింగ్‌రెన్ 1830లో అచ్చువేసినది. అందులో హువాంగ్‌ఛీ వేరు 120 గ్రాములు, మిగతా ఆరు దినుసులూ వేళ్లమీద లెక్కపెట్టేటన్ని గ్రాములే. అలాంటి చిక్కటి కషాయం ముక్కు గొట్టంలో పోసేముందు సన్నటి గుడ్డలో వడకట్టకపోతే గొట్టం మూసుకుపోతుంది. ముందూ వెనకా 20 నుంచి 30 మిల్లీలీటర్ల నీళ్లతో కడగాలి, ఆధునిక మందులకూ దీనికీ మధ్య కనీసం అరగంట ఎడం ఉండాలి, తల వైపు 30 డిగ్రీలకు తగ్గకుండా ఎత్తాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకు డాన్‌షెన్, డాంగ్‌గుయ్ అనే మూలికలున్న కషాయం మొదలైన రోజు ఎర్ర సిరాతో రాసి, రక్తం గడ్డకట్టే పరీక్ష ముందుకు జరపమని వైద్యుడికి చెప్పాలి. చిగుళ్లు, మూత్రం రంగు, మలం రంగు చూడాలి. రేవల్చిన్ని వేసి ఇచ్చే విరేచన యోగంలో విరేచనం కాగానే ఆపాలా తగ్గించాలా అన్నది రాతలో అడిగి తీసుకోవాలి. లేదంటే మలబద్ధకం పోయి ఒంట్లో నీరు పోతుంది, పడక పుండ్లు మొదలవుతాయి.

ఇళ్లలో దాచుకునే ఒక మాత్ర గురించి కూడా చెప్పాలి. ఆన్‌గోంగ్ న్యూహువాంగ్ అనే 3 గ్రాముల మెత్తటి ఉండను చైనా కుటుంబాలు పక్షవాతానికి సంజీవనిలా చూస్తాయి. సంప్రదాయ యోగంలో హింగుళం, మనఃశిల ఉంటాయి, అంటే పాదరసం, ఆర్సెనిక్ గంధకంతో కలిసి ఉండే ఖనిజాలు. మన రసౌషధాలు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ సంప్రదాయంలోనే ఇది వేడితో బిగిసిన, స్పృహ తప్పిన రకానికి మాత్రమే. చల్లటి చెమటలతో, ఒళ్లు వదిలేసిన మనిషికి కాదు. దానికంటే ముందు, స్పృహలేనివాడి నోట్లో ఏది పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నర్సింగ్ మార్గదర్శకం ఇంటికి పంపే కాగితంలో ఈ మాట మొదటి వరుసలో ఉండాలి.

ఇప్పుడు ఆధారాల సంగతి. నర్సులు చేసే పనుల్లో పక్షవాతం ఫలితాన్ని నిజంగా మార్చినట్టు గట్టిగా తేలిన వాటిలో ఒకటి ఆస్ట్రేలియాది. న్యూ సౌత్ వేల్స్‌లో 19 పక్షవాతం యూనిట్లలో చేసి 2011లో ప్రకటించారు. జ్వరం, రక్తంలో చక్కెర, మింగడం, ఈ మూడింటినీ తొలి 72 గంటలు గట్టిగా పట్టుకున్నారు. 90 రోజులకు చనిపోయినవాళ్లూ, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లూ కలిపి 58 శాతం ఉండాల్సినచోట 42 శాతానికి తగ్గారు. మూలిక లేదు, సూది లేదు. థర్మామీటరు, గ్లూకోమీటరు, ఒక చెంచా నీళ్లు. చైనా విధానంలో జ్వరం ఉంది, మింగడం ఉంది, కాని లక్షణాల చిట్టాలో చక్కెరకు సొంత స్థానం లేదు. అది లక్షణం కాదు కదా, కంటికి కనబడదు. లక్షణాల వారీగా రాయడంలో ఉన్న అందానికి ఇది మూల్యం. మంచం దించి నడిపించడం గురించి కూడా ఆధారం మారింది. 2015లో 2104 మందితో చేసిన పరీక్షలో 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువసార్లు లేపి నడిపించిన గుంపులో మంచి ఫలితం 46 శాతం, మామూలుగా చూసుకున్న గుంపులో 50 శాతం. తొందరగా కదిలిస్తే మంచిదన్న నమ్మకం చెడ్డది కాదు, మరీ తొందర చెడ్డది.

సంప్రదాయ పద్ధతుల ఆధారాలు వేరే రకం చిక్కులో ఉన్నాయి. తొలి దశ పక్షవాతంలో సూది చికిత్సపై, వైద్య పరీక్షలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ 2018 సమీక్ష 33 పరీక్షలు, 3946 మందిని కలిపి చూసింది. మామూలు వైద్యంతో పోల్చినచోట మేలు కనబడింది, ఉత్తుత్తి సూదితో పోల్చినచోట ఆ మేలు నిలబడలేదు. కోలుకునే దశపై 2016 సమీక్షలో 31 పరీక్షలు, 2257 మంది. అక్కడా నాణ్యత చాలక గట్టి మాట చెప్పలేకపోయారు. మెదడులో రక్తస్రావానికి ఇచ్చే ఝోంగ్‌ఫెంగ్ షింగ్‌నావ్ అనే మూలికా ద్రావణాన్ని చైనాలోనే 26 ఆసుపత్రుల్లో 1648 మందిపై పరీక్షించి 2024లో ప్రకటించారు, ఉపయోగం కనబడలేదు. చైనా ఆసుపత్రుల్లోనే చేసి, ఉపయోగం లేదని నిజాయితీగా ప్రకటించారు, ఆ రంగంలో మాకు చాలా నమ్మకం కలిగించిన విషయం అదే. పాత పరీక్షల్లో చాలావాటి కొలత ‘మొత్తం ప్రభావ శాతం’. నయమైంది, బాగా మెరుగైంది, కొంచెం మెరుగైంది, ఈ మూడూ కలిపి ఒకే అంకె వేస్తారు. పక్షవాతంలో ఏమీ చేయకపోయినా మొదటి నెలలో చాలామంది కొంచెం మెరుగవుతారు. ఆ అంకె 90 దాటడంలో ఆశ్చర్యమేముంది?

ఆధారాలతో కొత్త మార్గదర్శకం తయారు చేయాలనుకునే బృందానికి మొదటి అడుగు ప్రశ్నను ముక్కలు చేయడం. ‘పక్షవాతం తర్వాత మలబద్ధకానికి చెవి గింజలు’ ప్రశ్న కాదు. తొలి రెండు వారాల దశా, ఆరు నెలల లోపు కోలుకునే దశా, ఆ తర్వాత మిగిలిన అవశేష దశా? నీళ్లు, పీచు, కూర్చోబెట్టడం చేస్తున్నవాళ్లలోనా? కొలిచేది వారంలో విరేచనాల సంఖ్యా, విరేచనాల మందు అవసరమా? ఇవి రాసుకున్నాకే వెతుకులాట: సీఎన్‌కేఐ, వాన్‌ఫాంగ్, వీఐపీ, సైనోమెడ్ అనే చైనా డేటాబేసులు, వాటితోపాటు పబ్‌మెడ్, కాక్రేన్, ఎంబేస్. చైనా డేటాబేసులు వదిలేస్తే సగం కనబడదు, అవొక్కటే చూస్తే అన్నీ పనిచేసినట్టే కనబడతాయి. ఎవరు ఏ కంపెనీ నుంచి డబ్బు తీసుకుంటున్నారో ముందే రాసి పెట్టాలి. తర్వాత గ్రేడ్ అనే ఆధారాల మదింపు పద్ధతిలో నమ్మకాన్ని ఎక్కువ, ఓ మోస్తరు, తక్కువ, మరీ తక్కువ అని నిర్ణయించాలి. ప్రాచీన గ్రంథంలో ఉందన్నది ఎందుకు పరీక్షించాలో చెప్పే కారణం, నమ్మకం స్థాయిని పెంచే కారణం కాదు.

డెల్ఫీ అనే అభిప్రాయ సేకరణ పద్ధతి దగ్గర జాగ్రత్త. నిపుణులకు ప్రశ్నపత్రం పంపి, రెండు విడతలుగా 1 నుంచి 5 దాకా మార్కులు వేయించి, వ్యత్యాస గుణకం (మార్కుల మధ్య తేడా ఎంతో చెప్పే అంకె) 0.25 లోపు ఉంటే ఏకాభిప్రాయం వచ్చిందంటారు. ఆ ఏకాభిప్రాయం నిపుణులు ఒకే బళ్లో చదువుకున్నందువల్ల కూడా రావచ్చు. బృందంలో పునరావాస నర్సు, మందుల నిపుణుడు, స్పీచ్ థెరపిస్టు, రాత్రి డ్యూటీ చేసే నర్సు, రోగిని ఇంట్లో చూసుకునే మనిషి ఉండాలి. ఆఖరివాళ్లే ‘ఈ పని రోజుకు ఎన్ని నిమిషాలు?’ అని అడుగుతారు. మోక్సా 15 నిమిషాలు అంటే సామాను తెచ్చి, పరదా వేసి, బూడిద ఎత్తేసరికి 30. పదిమంది రోగులున్న నర్సు దాన్ని చేస్తే ఎవరిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆగిపోతుంది?

తయారైన పత్రానికి, మార్గదర్శకాల నాణ్యత కొలిచే అగ్రీ-2 అనే సాధనంతో మార్కులు వేసేటప్పుడు కూడా లెక్క తప్పుతుంటారు. 6 విభాగాలు, 23 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7. తయారీలో పటిష్టత అనే విభాగంలో 8 అంశాలున్నాయి. నలుగురు మార్కులు వేస్తే గరిష్ఠం 224, కనిష్ఠం 32. నలుగురూ అన్నిటికీ 2 వేశారనుకోండి, మొత్తం 64. దాన్ని 224తో భాగించి 29 శాతం అనేస్తారు. ముందు 32 తీసేయాలి: 64లోంచి 32 పోగా 32, దాన్ని 192తో భాగిస్తే 17 శాతం. ఆధార స్థాయిలు, వెతికిన తీరు చెప్పని పత్రాలు ఈ విభాగంలో ఆ చుట్టుపక్కలే ఉంటాయి. 2013 పత్రం భాష స్పష్టతలో చాలా ఎక్కువ తెచ్చుకుంటుంది, అందుకే సగటు చూసి మోసపోవద్దు, విభాగాలు విడివిడిగా చదవాలి.

సిఫారసు వాక్యం ఎలా మారాలో ఒక నమూనా. ఇప్పటి ధోరణి: ‘వైద్యుడి ఆదేశం మేరకు చెవి బిందువులు నొక్కాలి: పెద్దపేగు, పురీషనాళం, ప్లీహం పేర్లున్న బిందువులు.’ కావలసినది: ‘వారానికి 3 కంటే తక్కువ విరేచనాలయ్యే, స్పృహలో ఉన్న, చెవి చర్మానికి పుండు లేని రోగికి, నీళ్లు, పీచు, టాయిలెట్ కుర్చీలో కూర్చోబెట్టడం మొదలుపెట్టిన తర్వాత వాటికి తోడుగా చెవి గింజలు పెట్టవచ్చు. ఏడు రోజుల్లో మార్పు లేకపోయినా, చర్మం ఎర్రబడినా తీసేయాలి. కడుపు ఉబ్బి, వాంతి ఉంటే వద్దు, వైద్యుడికి చెప్పాలి. సిఫారసు: బలహీనం.’ ఆధార స్థాయి సమీక్ష చేశాకే నింపాలి. పొడుగెక్కింది కాని, ఎవరికి, ఎప్పుడు, ఎప్పటిదాకా, ఎప్పుడు వద్దు, అన్నీ దొరుకుతాయి. ‘వైద్యుడి ఆదేశం మేరకు’ అన్న మాట బాధ్యతను జరుపుతుంది, దారి చూపదు.

చివరున్న ఫారం గురించి. నర్సింగ్ ఫలితానికి బాగుంది, ఓ మోస్తరుగా బాగుంది, మామూలు, బాగాలేదు అని నాలుగు గడులు. రోగి ఒప్పుకున్నాడా, తృప్తిపడ్డాడా అని ఇంకొన్ని. ఈ విధానం ఎంత ఆచరణీయం అని నర్సునే అడిగే గడి, సవరణలు రాయడానికి చోటు కూడా ఉన్నాయి. పనిచేసేవాళ్ల మాట ఇలా అడిగే ప్రభుత్వ పత్రాలు తక్కువ, దానికి ఒక మార్కు ఎక్కువే ఇచ్చాం. కాని ‘బాగుంది’ అన్న టిక్కు నుంచి ఏమీ తెలియదు. విరేచనాల సంఖ్య, కుబోటా గ్రేడు చేర్చుకున్నప్పుడూ పంపేటప్పుడూ, కొత్త పడక పుండ్లు, కాలిన గాయాలు, న్యూమోనియా, ఈ అయిదూ అంకెల్లో రాస్తే ఆరు నెలల్లో ఆ వార్డుకే సొంత ఆధారం తయారవుతుంది.

చైనా పేరుతో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మెసేజ్ ఒకటుంది: పక్షవాతం వచ్చినవాడి పది వేళ్ల కొనలూ సూదితో పొడిచి రక్తం తీయమని, చెవి తమ్మెలు లాగమని. అది ఈ విధానంలో చెప్పింది కాదు. రక్తం గడ్డ కరిగించే మందుకు సమయం మామూలుగా నాలుగున్నర గంటలే, పది వేళ్లు పొడిచి రక్తం కారేదాకా ఎదురుచూస్తే ఆ సమయమే కరిగిపోతుంది. చైనాలో జనానికి నేర్పేది 120: 1 అంటే ముఖం ఒకటేనా, మూతి వంకర పోయిందా, 2 అంటే రెండు చేతులూ లేస్తున్నాయా, సున్నాను వాళ్ల భాషలో ‘లింగ్’ అంటారు, వినడం అన్న మాటకు దగ్గరి ధ్వని, మాట తేడాగా ఉందా వినమని. వాళ్ల అంబులెన్సు నంబరూ అదే. మనకైతే 108, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎప్పటినుంచి ఇలా ఉన్నాడో గంట, నిమిషం చీటీ మీద రాసి చేతికివ్వాలి.